బాగా లావైన స్లాబ్ సెరిఫ్ ఫాంటు పోస్టరు మీద నిండుగా, పుస్తకంలో మసకగా ఎందుకు కనిపిస్తుంది?

గీతలపుస్తకం (ప్రశ్న)

యంత్రాల చరిత్ర మీద ఏర్పాటవుతున్న ఒక ప్రదర్శనకు పోస్టరు, 32 పేజీల పరిచయ పుస్తకం, ఒక వెబ్ పేజీ రూపొందించే పని ప్రస్తుతం నా చేతిలో ఉంది. ప్రదర్శన పేరు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రావాలి. ఇంగ్లీషు శీర్షికల కోసం ది లీగ్ ఆఫ్ మూవబుల్ టైప్ అనే ఫాంటుల సంస్థ విడుదల చేసిన చంక్‌ఫైవ్ అనే స్లాబ్ సెరిఫ్ ఫాంటును ఎంచుకున్నాను. గీతలు బాగా లావుగా ఉండడమే కాక, వాటి కొసల్లో ఉండే సెరిఫ్‌లు కూడా పలకల్లా దళసరిగా ఉండడం వల్ల, నాలుగు మాటల శీర్షిక పెట్టేసరికి పోస్టరుకు వేరే బొమ్మ అక్కర్లేదనిపించేంత నిండుదనం వచ్చింది.

అదే ఫాంటును పుస్తకంలోకి తీసుకువచ్చి, ఉపశీర్షికలకు 14 పాయింట్లలోనూ, ప్రతి విభాగం మొదట్లో వచ్చే నాలుగు వరుసల పరిచయానికి 11 పాయింట్లలోనూ పెట్టి నమూనా ప్రింటు తీయించగా, పేజీ అంతా నల్లటి పట్టీలు అడ్డంగా పరిచినట్టు కనిపించింది. ముఖ్యంగా చిన్నబడి ఇ, ఎ, జి (e, a, g) అక్షరాల లోపలి ఖాళీలు దాదాపు పూడిపోయాయి. వెబ్ పేజీలో మరో వింత ఉంది: అక్కడి శీర్షిక పెద్ద సైజులోనే ఉన్నా, పోస్టరు మీద ఉన్నదానికంటే ఇంకా లావుగా, అంచులు కాస్త ఉబ్బినట్టుగా కనిపిస్తోంది.

దీనికి తోడు, మా బృందంలోని ఒకరు ఈ ఫాంటు చూడగానే గుర్రాల మీద తిరిగే కౌబాయ్‌లు గుర్తుకొస్తున్నారనీ, యంత్రాల ప్రదర్శనకు ఇది నప్పదనీ అంటున్నారు. ఈ జాతి ఫాంటుల అసలు స్వభావం ఏమిటి, వాటిని ఎక్కడ వాడాలి, ఎక్కడ మానుకోవాలి అన్నది కారణాలతో సహా తెలిసినవారు వివరించగలరా? ఫాంటు మార్చడానికి నాకు అభ్యంతరమేమీ లేదు. కానీ ఎందుకు మార్చాలో తెలియకుండా మార్చడం ఇష్టం లేదు.

కంపోజిటర్ (సమాధానం)

ముందుగా 11 పాయింట్ల సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ జాతి ఫాంటుల స్వభావమంతా అక్కడే బయటపడుతుంది. ఇంత లావు అక్షరాన్ని గీసేటప్పుడు రూపకర్తకు ఎదురయ్యే అసలు చిక్కు, నలుపు ఆక్రమించుకోగా మిగిలిన కాస్త తెలుపును ఎలా సర్దాలన్నదే. చిన్నబడి ఇ అక్షరాన్ని తీసుకోండి. ఫాంటు గీసే చట్రాన్ని యూనిట్లనే చిన్న భాగాలుగా కొలుస్తారు; ఆ లెక్కన దాని ఎత్తు 500 యూనిట్లనీ, నిలువు భాగం లావు 180 యూనిట్లనీ అనుకుందాం. పైన ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి చొప్పున ఆ 500 యూనిట్లలోనే మూడు అడ్డగీతలు ఇమడాలి. అడ్డగీతలకు కూడా నిలువుగీతల లావే ఇస్తే 540 అవుతుంది, అంటే అక్షరం ఎత్తే చాలదు. అందువల్ల రూపకర్త అడ్డగీతలను 110 వరకు తగ్గిస్తాడనుకుందాం. మూడింటికి 330 పోగా 170 మిగులుతుంది. కంటిలాంటి పై ఖాళీకి 85, కింద తెరుచుకునే నోటికి 85. అక్షరమంతా ఒకే లావుతో ఉన్నట్టు మనకు అనిపిస్తుంది గానీ, నిజానికి అది కంటిని నమ్మించడానికి చేసిన సర్దుబాటు మాత్రమే.

ఇప్పుడు ఆ 85 యూనిట్లను కాగితం మీద కొలిచి చూడండి. 1000 యూనిట్ల చట్రంలో గీసిన ఫాంటు అయితే, 72 పాయింట్ల సైజులో ఆ ఖాళీ 2 మిల్లీమీటర్లకు కాస్త పైన ఉంటుంది. 11 పాయింట్లకు దించితే మూడో వంతు మిల్లీమీటరు మాత్రమే మిగులుతుంది. పూత లేని కాగితం మీద సిరా అన్ని వైపులా కొద్దిగా పాకుతుంది కాబట్టి, ఆ కొంచెం తెలుపులోనూ రెండు పక్కల నుంచి కోత పడుతుంది. మీ నమూనాలో ఖాళీలు పూడిపోవడానికి కారణం ప్రింటరు లోపం కాకపోవచ్చు. ఈ ఫాంటును ఆ సైజు కోసం గీయలేదు, అంతే.

సెరిఫ్‌ల వల్ల వచ్చే ఇబ్బంది దీనికి అదనం. పెద్దబడి ఇ అక్షరంలో పై చేతి చివర నుంచి ఒక పలక కిందికి దిగుతుంది, కింది చేతి చివర నుంచి ఒకటి పైకి లేస్తుంది, కొన్ని ఫాంటులలో మధ్య చేతికి కూడా రెండు వైపులా పలక ఉంటుంది. ఇవన్నీ కలిసి కుడివైపు తెరుచుకుని ఉండవలసిన అక్షరాన్ని మూసివేయడానికి ప్రయత్నిస్తాయి. చిన్నబడి ఎమ్ పరిస్థితి మరీ దారుణం: మూడు కాళ్లకూ ఇరువైపులా పాదాలు పెడితే లోపలి పాదాలు ఒకదానికొకటి తగిలి, అక్షరం అడుగున ఒకే పట్టీలా అతుక్కుపోతాయి. అందుకే అనుభవజ్ఞులైన రూపకర్తలు లోపలి పాదాలను కురచ చేస్తారు, లేదా మధ్య కాలికి ఒక పక్కది పూర్తిగా తీసేస్తారు. ఒక ఫాంటు ఎంత శ్రద్ధతో తయారైందో తెలుసుకోవాలంటే నేను ముందుగా చూసేవి ఈ ఇ, ఎమ్ అక్షరాలనే. పెద్దబడి ఓ చూసి మురిసిపోవడం తేలిక, అందులో పాడుచేయడానికి పెద్దగా ఏమీ ఉండదు.

అక్షరాల మధ్య దూరం విషయంలోనూ ఈ ఫాంటులు వేరేగా ప్రవర్తిస్తాయి. సెరిఫ్‌లు లేని సాన్స్ సెరిఫ్ ఫాంటులో రెండు అక్షరాలను ఎంత దగ్గరికి జరపాలన్నది ముఖ్యంగా నిలువుగీతలు నిర్ణయిస్తే, ఇక్కడ పక్కలకు పొడుచుకువచ్చిన పలకలు నిర్ణయిస్తాయి. పెద్దబడి ఎల్ పక్కన ఏ వచ్చిందనుకోండి; పైభాగంలో పెద్ద ఖాళీ కనిపిస్తున్నా, కింద రెండు పాదాలు తాకుతాయి కాబట్టి ఇంకా దగ్గరికి జరపలేరు. ఇలాంటప్పుడు ఆ ఒక్క జతను లాగే బదులు, మిగిలిన జతలను ఆ జతకు సరిపడేలా కొద్దిగా వదులు చేయడం మేలు. లోగో అయితే ఆ రెండు పాదాలను కలిపి ఒకటే పలకగా గీయవచ్చు. పోస్టరు శీర్షికలో కూడా, అది ఒకే చోట ఉద్దేశపూర్వకంగా చేసినట్టు కనిపిస్తే, అందంగానే ఉంటుంది.

కాబట్టి నా సలహా ఏమిటంటే, చంక్‌ఫైవ్‌ను పోస్టరుకు, పుస్తకం అట్టకు, విభాగాల మొదటి పేజీలో వచ్చే పెద్ద అంకెలకు మాత్రమే పరిమితం చేయండి. 30 పాయింట్ల కంటే కిందికి దించవద్దు, ఒక్కచోట ఏడెనిమిది మాటలు మించనివ్వవద్దు. 14 పాయింట్ల ఉపశీర్షికలకు అదే కుటుంబ లక్షణం కావాలనుకుంటే, జిల్లా స్లాబ్ గానీ రోబోటో స్లాబ్ గానీ మధ్యస్థమైన బరువులో, అంటే మధ్యరకం గీతల లావులో, వాడండి. వాటిలో పలచని రకం నుంచి బొద్దు రకం వరకు పలు బరువులున్నాయి, లోపలి ఖాళీలు కూడా విశాలంగా ఉంటాయి. చదవవలసిన పాఠానికి మాత్రం స్లాబ్ వద్దు. అట్ట మీద అంత గట్టిగా పలికిన తరువాత లోపలి పేజీలు నెమ్మదిగా మాట్లాడాలి. సోర్స్ సెరిఫ్ వంటి సాధారణ పుస్తకపు ఫాంటు ఆ పనికి చక్కగా సరిపోతుంది.

పాతకేటలాగు (సమాధానం)

కంపోజిటర్ గారు చెప్పిన లెక్కతో నాకు పేచీ లేదు. కౌబాయ్‌ల అభ్యంతరం గురించి ఆయన ఏమీ అనలేదు కాబట్టి అది నేను అందుకుంటాను.

మీ బృంద సభ్యుడి మనసులో ఉన్న రూపం వేరు, సాధారణ స్లాబ్ సెరిఫ్ వేరు. అమెరికా పశ్చిమ ప్రాంతపు పోస్టర్లు అనగానే మనకు గుర్తుకొచ్చేవి ఫ్రెంచ్ క్లారెండన్ రకానికి చెందిన సన్నటి, పొడవాటి అక్షరాలు. వాటిలో లావు తలకిందులుగా ఉంటుంది: నిలువుగీతలు సన్నగానూ, పైనా కిందా ఉండే సెరిఫ్‌లు మాత్రం వాటికంటే ఎన్నో రెట్లు దళసరిగానూ ఉంటాయి. 1938లో రాబర్ట్ హార్లింగ్ గీసిన ప్లేబిల్ ఈ రకానికి అందరికీ తెలిసిన ఉదాహరణ. చంక్‌ఫైవ్‌లో నిలువుగీతలే బలమైనవి. అయితే దాని రూపకర్తలు కూడా పాత అమెరికన్ చెక్క అచ్చుల కరపత్రాలనూ పత్రికల పతాక శీర్షికలనూ మనసులో పెట్టుకున్నారు కాబట్టి, ఆ ఛాయ బొత్తిగా లేదని వాదించలేను.

అసలు ఈ జాతి పుట్టుక మాత్రం గుర్రాలతో కాదు, యంత్రాలతోనే ముడిపడి ఉంది. 1810ల రెండో సగంలో లండన్‌కు చెందిన విన్సెంట్ ఫిగిన్స్ తన నమూనా పుస్తకంలో యాంటిక్ అనే పేరుతో తొలి స్లాబ్ సెరిఫ్‌ను ప్రకటించాడు. పారిశ్రామిక విప్లవం వల్ల సరుకులు పెరిగి, గోడల మీద ప్రకటనలు ఒకదాన్నొకటి తోసుకుంటున్న రోజులవి. పుస్తకాల కోసం చెక్కిన నాజూకైన అక్షరాలను పెద్దవి చేసి గోడకు అంటిస్తే దూరం నుంచి సన్నగీతలు కనిపించకుండా పోయేవి. ఆ బలహీనమైన భాగాలన్నింటినీ లావు చేసిన అక్షరమే ఇది. పెద్ద సైజు సీసపు అచ్చులు బరువెక్కువ, ఖరీదెక్కువ కాబట్టి, న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ 1827లో చెక్క అక్షరాలను యంత్రంతో తొలిచే పద్ధతిని రూపొందించి, మరుసటి ఏడాది వాటి కేటలాగును వెలువరించాడు. అక్కడి నుంచి పోస్టరు అక్షరాల సైజుకు హద్దు లేకుండా పోయింది.

1845లో రాబర్ట్ బెస్లీ క్లారెండన్‌ను తెచ్చినప్పుడు కథ మరో మలుపు తిరిగింది. అందులో సెరిఫ్ నిలువుగీతను లంబంగా గుద్దుకోకుండా, చిన్న వంపుతో వచ్చి కలుస్తుంది; దాన్నే బ్రాకెట్ అంటారు. గీతల లావులో కొంత తేడా కూడా ఉంటుంది. అందువల్ల అది నిఘంటువుల వంటి పుస్తకాలలో, మామూలు పాఠం నడుమ ఒక్కో మాటను ఎత్తిచూపడానికి పనికొచ్చింది. ఆ రూపాన్ని బెస్లీ చట్టప్రకారం నమోదు చేయించుకున్నా, రక్షణ గడువు మూడేళ్లే కావడంతో, అది తీరగానే పోటీదారులు తలా ఒక క్లారెండన్ తయారుచేసి అమ్ముకున్నారు.

మీ ప్రదర్శనకు నేనైతే ఇంకా ముందుకు వచ్చి, 20వ శతాబ్దపు జ్యామితీయ స్లాబ్‌లను పరిశీలిస్తాను. 1929లో రుడాల్ఫ్ వోల్ఫ్ గీసిన మెంఫిస్, 1930లో గేయోర్గ్ ట్రంప్ గీసిన సిటీ, 1934లో మోనోటైప్ విడుదల చేసిన రాక్‌వెల్ ఈ కోవలోనివి. వీటిలో బ్రాకెట్ వంపులు ఉండవు. పలక నేరుగా, లంబకోణంలో వచ్చి ఆనుతుంది. చేతితో కాక స్కేలుతో, వృత్తలేఖినితో గీసినట్టుంటాయి. సిటీ ఆధారంగానే 1956లో పాల్ రాండ్ ఐబీఎం లోగోను రూపొందించాడు. 1972లో అదే లోగోను 8 అడ్డచారలుగా కోసినప్పటికీ మూడు అక్షరాలూ చెక్కుచెదరకుండా చదవగలుగుతున్నామంటే, కోసిన తరువాత కూడా రూపం చెప్పడానికి చాలినంత లావు, చతురస్రపు మూలలు ఆ అక్షరాలలో ఉండడమే కారణం. సన్నటి ఫాంటుతో ఆ పని చేసి చూడండి, ఏమీ మిగలదు. యంత్రాలకు ఇంతకంటే దగ్గరి పోలిక ఉన్న అక్షరజాతి నాకైతే కనిపించడం లేదు. ఉచిత ఫాంటే కావాలంటే, వెర్నన్ ఆడమ్స్ రూపొందించిన బెవన్‌ను చూడండి; అది 1930ల నాటి హైన్రిఖ్ యోస్ట్ స్లాబ్‌కు కొత్త రూపం.

వెబ్‌పని (సమాధానం)

వెబ్ పేజీలో శీర్షిక ఉబ్బినట్టు కనిపించడానికి కారణం దాదాపు ఖాయంగా బ్రౌజరు కల్పించిన నకిలీ బోల్డ్. చంక్‌ఫైవ్, ఆల్ఫా స్లాబ్ వన్ వంటి ఫాంటులలో ఉండేది ఒకే ఒక్క బరువు. అక్షరాలు ఎంత లావుగా ఉన్నా, ఫైలులో ఆ బరువు సాధారణంగా నార్మల్‌గానే, అంటే 400గానే నమోదై ఉంటుంది. మరోవైపు, బ్రౌజరు శీర్షిక ట్యాగులన్నింటికీ ఎవరూ చెప్పకుండానే బోల్డ్ వర్తింపజేస్తుంది. బోల్డ్ ఫైలు కోసం వెతికి, దొరకకపోయేసరికి, ఉన్న అక్షరాన్నే నాలుగు పక్కలా మందం చేసి చూపిస్తుంది. కంపోజిటర్ గారు లెక్క కట్టిన ఆ 85 యూనిట్ల తెలుపును అంతగా ఆలోచించి మిగిల్చిన రూపకర్త శ్రమ అక్కడ వృథా అవుతుంది.

స్టైల్‌షీట్‌లో శీర్షికల ఫాంట్-వెయిట్‌ను నార్మల్ అని స్పష్టంగా రాయండి. ఫాంట్-సింథసిస్‌ను నన్ (none) అని పెడితే నకిలీ బోల్డ్‌తో పాటు నకిలీ ఇటాలిక్ కూడా ఆగిపోతుంది. నిలువుగా నిలబడడమే ప్రాణమైన అక్షరాలను బ్రౌజరు పక్కకు ఒరిగిస్తే పలకలన్నీ జారిపోతున్నట్టు కనిపిస్తాయి. ముదురు రంగు మీద తెల్లని శీర్షిక పెడుతున్నట్టయితే అక్షరాల మధ్య దూరాన్ని వందో వంతు ఎమ్ (ఫాంటు సైజుకు సమానమైన కొలత) మేరకు పెంచి చూడండి, ఎందుకంటే తెర మీద తెలుపు మెరిసి, లోపలి చిన్న నల్లని ఖాళీలను మింగేస్తుంది. కాగితం మీద మాత్రం ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది: చుట్టూ ఉన్న సిరా అక్షరంలోకి పాకి దాన్ని సన్నబరుస్తుంది. ఆ నష్టాన్ని తట్టుకోవడంలో ఇలాంటి లావు స్లాబ్‌లను మించినవి లేవు. రబ్బరు స్టాంపులకు, స్క్రీన్ ప్రింటింగుకు, బట్ట మీద ఎంబ్రాయిడరీకి వీటిని అంతగా ఇష్టపడేది కూడా ఇందుకే. పోగొట్టుకోవడానికి వీటిలో సన్నగీత అంటూ ఉండదు కదా.

గీతలపుస్తకం

అందరికీ ధన్యవాదాలు. ఫాంట్-వెయిట్ మార్చగానే వెబ్ శీర్షిక పోస్టరుతో సరిపోలింది. పుస్తకంలో 11 పాయింట్ల పరిచయాలను సోర్స్ సెరిఫ్‌కు మార్చాను. బెవన్‌ను కూడా పక్కన పెట్టి చూశాను. అట్టకు అదే బాగుందని బృందంలో ఎక్కువమంది అభిప్రాయం. మిగిలిన ఒకే సందేహం తెలుగు పేరు గురించి. ఇంగ్లీషు వరుస కింద తెలుగు వరుస పెడితే రెండూ వేర్వేరు పోస్టర్ల నుంచి కత్తిరించి అతికించినట్టున్నాయి. తెలుగు అక్షరాల కొసలకు కూడా పలకల్లాంటి కొనలు గీయించవచ్చా?

కంపోజిటర్

గీయించవద్దనే చెబుతాను. లాటిన్ అక్షరంలో నిలువుగీత ఒక చోట ఆగుతుంది, ఆగిన చోట సెరిఫ్ పుడుతుంది. తెలుగులో గీత ఎక్కువగా వంపు తిరుగుతూ తనలోకే చుట్టుకుంటుంది. పలక తగిలించడానికి కావలసిన తెగిన కొస చాలా అక్షరాలలో దొరకదు. బలవంతంగా తగిలిస్తే తలకట్టుకూ పలకకూ తేడా తెలియక, చదివేవారు కొమ్ముల దగ్గర, దీర్ఘాల దగ్గర తడబడతారు.

రెండు లిపులనూ కలిపేది నలుపు పరిమాణం మాత్రమే. రామభద్ర వంటి శీర్షికల కోసమే గీసిన లావైన తెలుగు ఫాంటును తీసుకుని, రెండు వరుసలనూ కళ్లు చిట్లించి దూరం నుంచి చూస్తూ, బూడిదరంగు రెండింటిలో ఒకేలా కనిపించేవరకు తెలుగు సైజును పెంచుతూ వెళ్లండి. పాయింట్ల అంకె రెండింటికీ ఒకటే ఉండాలన్న పట్టింపు పెట్టుకోవద్దు. ఒకే అంకె ఇస్తే, పైన గుడులకూ కింద వత్తులకూ చోటు వదలవలసి రావడం వల్ల తెలుగు అక్షరం అసలు శరీరం చిన్నదైపోతుంది.

వరుసల మధ్య దూరం కూడా విడివిడిగా ఇవ్వండి. పెద్దబడి అక్షరాలతో ఉన్న ఇంగ్లీషు శీర్షికలో కిందికి దిగే తోకలు దాదాపు ఉండవు కాబట్టి, వరుసల దూరాన్ని ఫాంటు సైజుకు సమానంగా, ఒక్కోసారి అంతకంటే తక్కువగా కూడా పెట్టి ఇటుకలు పేర్చినట్టు బిగించవచ్చు. తెలుగు శీర్షిక రెండు వరుసలైతే అంత బిగింపు పనికిరాదు. మీ ప్రదర్శన పేరులో యంత్ర అన్న మాట ఉంటుంది కాబట్టి, ఆ వత్తూ క్రావడీ కింది వరుసలోని గుడికి తగలకుండా ఉన్నాయో లేదో ప్రింటు తీసి చూసుకోండి. పేరు ఒకే వరుసలో ఇమిడేలా సైజు కాస్త తగ్గించినా నష్టం లేదు. అప్పుడు ఇంగ్లీషు వరుసలను మీ ఇష్టం వచ్చినంత బిగించుకోవచ్చు.